జోసఫ్ తెచ్చిన సెలవు

మా బడిలో ఆకుపచ్చ అట్ట వేసిన పొడుగాటి నోటుపుస్తకం ఒకటి ఉండేది. దాన్ని అందరం సర్కులర్ అనేవాళ్లం. హెడ్మాస్టరు అందులో నాలుగు వాక్యాలు రాసి కింద సంతకం చేస్తే, అటెండర్ జోసఫ్ దాన్ని చంకలో పెట్టుకుని పది తరగతి గదులూ తిరిగేవాడు. గుమ్మంలో ఆగి, గొంతు సవరించుకుని, "సార్, సర్కులర్" అనేవాడు. అంతే, నలభై తలలు ఒక్కసారిగా గుమ్మం వైపు తిరిగేవి. సెలవు అనేది ఆ పుస్తకంలోంచే పుడుతుందని పిల్లల నమ్మకం. నిజానికి పదిసార్లలో తొమ్మిదిసార్లు అందులో నులిపురుగుల మాత్రల సంగతో, రెండు ఫొటోలు తెమ్మనే సంగతో ఉండేది. అయినా ఆశ ఆశే. పిల్లలు పుస్తకం వైపు చూసేవాళ్లు కాదు, జోసఫ్ మొహంలోకి చూసేవాళ్లు, పెదవి కొస ఏమైనా కదులుతుందా అని. ఆయన అది తెలిసి, కావాలనే బిగబట్టుకుని నిలబడేవాడు.

టీచర్లం మాత్రం దాన్ని ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. పాఠం మధ్యలో వచ్చిందన్న విసుగుతో అడ్డంగా ఒక సంతకం గీకి, "ఏముంది జోసఫ్?" అనేవాళ్లం. "నాలుగింటికి మీటింగ్ సార్, చాయ్ గూడ ఉన్నది" అని ఆయనే చెప్పేవాడు. ఇరవై ఎనిమిదేళ్లపాటు మా అందరి తరఫునా ఆ పుస్తకం చదివినవాడు జోసఫ్ ఒక్కడే. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి, ముందు అవసరం పడుతుంది.

నా పేరు ఫణీంద్ర. నాచారంలో ఫ్యాక్టరీల వెనక వీధిలో ఉన్న సర్కారు హైస్కూల్లో పదకొండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. ఇది జోసఫ్ కథ. కాకపోతే మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి ఉంది. దాన్ని దాచిపెడితే కథ నిలబడదు.

జోసఫ్‌ది జనగామ వైపు పల్లె. ఉప్పల్లో, చిలుకానగర్ దాటాక, రెండు గదుల ఇల్లు. అక్కడి నుంచి రోజూ సైకిల్ మీద వచ్చేవాడు. పిల్లల్లేరు. భార్య సువార్తమ్మ మూడేళ్ల కిందట జ్వరంతో దవాఖానాలో చేరి, మళ్లీ ఇంటికి రాలేదు. ఆమె బతికున్న రోజుల్లో సాయంత్రం కాళ్లూ చేతులూ కడుక్కుని కూర్చుంటే, పది గదుల వార్తలూ వరసగా ఆమెకు చెప్పడం జోసఫ్ అలవాటు. ఏ పిల్ల చెప్పు తెగింది, ఏ పిల్లాడికి పన్ను ఊడింది, ఏ టీచరుకు గొంతు పోయింది. ఈ వార్తల్లో నేను కూడా ఉండేవాణ్ని అని ఆమె జ్ఞాపకార్థ ప్రార్థన నాడు తెలిసింది. జోసఫ్ చెల్లెలు నన్ను ఎగాదిగా చూసి, "తూగే సారు మీరేనా?" అంది. మధ్యాహ్నం ఆరో పీరియడ్లో నాకు కొంచెం కునుకు పట్టే మాట వాస్తవమే. అది ఉప్పల్ దాకా పోయిందని మాత్రం తెలియదు.

సువార్తమ్మ పోయాక వార్తలు చెప్పడానికి మనిషి లేకపోయినా, వార్తలు పోగు చేసుకోవడం జోసఫ్ మానలేదు. ఆ తరువాత వార్తలు పోగయ్యే చోట్లే ఒక్కొక్కటిగా మూతపడుతూ వచ్చాయి.

ముందు గంట పోయింది. ఎప్పుడో ఒక హెడ్మాస్టరు మౌలాలి నుంచి తెప్పించి వరండాలో వేలాడదీసిన మూరెడు రైలుపట్టా ముక్క మా గంట. జోసఫ్ ఇనుప కడ్డీతో కొడితే మల్లాపూర్ రోడ్డు మీద ఆటోవాళ్లు కూడా టైము సరిచూసుకునేవాళ్లు. దాని బదులు గోడకు ఒక తెల్లడబ్బా బిగించారు. టైము పెడితే అదే మోగుతుంది. ఆదివారం మోగకుండా చేయడం మాత్రం ఎవరికీ చేతకాలేదు.

తరువాత హాజరు పట్టీలు పోయాయి. వాటిని పొద్దున్నే గదులకు చేర్చి, మధ్యాహ్నం తిరిగి పోగుచేసేది జోసఫే. ఇప్పుడు ఫోను పైకెత్తి ఒక్కో పిల్ల మొహానికీ చూపిస్తే, అదే గుర్తుపట్టి హాజరు వేస్తుంది. ఆ లెక్క క్షణంలో జిల్లా ఆఫీసులో తెర మీద పడుతుంది. ఎక్కువ మంది వస్తే ఆకుపచ్చ, తగ్గితే ఎరుపు. మా హాజరు కూడా అంతే. మొహం ముందు ఫోను పెట్టుకుని కళ్లు ఆర్పాలి. నేను ఒక ఆదివారం జుట్టుకు రంగు వేసుకుని వస్తే, మూడు రోజులు అది నన్ను ఒప్పుకోలేదు. నాలుగో రోజు లెక్కల మాస్టారు బసవరాజు నా తల మీద రుమాలు కప్పి, "ఇప్పుడు సూడు అన్నా, ముసలోనివి అయినవ్, తీస్కుంటది" అన్నాడు. తీసుకుంది.

ఆ తరువాత సుద్దముక్కలు పోయాయి. వాటి డబ్బా కోసం జోసఫ్‌ను పిలవడం పోయింది. ప్రతి గదిలో గోడంత తెర వచ్చింది. ఒక్కొక్కటీ మంచిదే, కాదనను. పదేళ్లుగా బోర్డు మీద నేను గీసిన గుండెకూ వంకాయకూ తేడా తెలిసేది కాదు. ఇప్పుడు తెర మీద గుండె నిజంగానే కొట్టుకుంటుంది, పిల్లలు నోరు తెరిచి చూస్తారు. నా ఫోను ఆ తెరకు కలిపి ఉండగా మా ఆవిడ "కొత్తిమీర మరిచిపోతే ఇంటికి రాకు" అని మెసేజ్ పెట్టిన రోజున కూడా నోరు తెరిచే చూశారు.

చివరికి సర్కులర్ పోయింది. మా హెడ్మిస్ట్రెస్ సత్యవేణి మేడమ్ మౌలాలి రైల్వే కాలనీలో పెరిగిన మనిషి, పని అంటే పని. వాట్సాప్ గ్రూపు పెట్టి, నోటీసులన్నీ అందులోనే వేయడం మొదలుపెట్టారు. జోసఫ్‌ది బటన్ల ఫోను. ఆయన ఆ గ్రూపులో లేడు. అయినా రోజూ పదకొండు గంటలకు ఆకుపచ్చ పుస్తకం పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడేవాడు.

"మేడమ్, ఇయ్యాల సర్కులర్ ఏమన్న..."

"గ్రూపులో పెట్టేశాను జోసఫ్."

"మంచిది మేడమ్."

కాసేపు నిలబడి, పుస్తకం చంకలో పెట్టుకుని వరండాలో తన స్టూలు దగ్గరికి పోయేవాడు. అలా తొమ్మిది నెలలు. ఆ తొమ్మిది నెలల్లో జోసఫ్ ఒక్కసారి కూడా తరగతి గది గుమ్మం ఎక్కలేదు. ఎక్కడానికి పని ఉండాలి కదా. గేటు తాళం, నీళ్ల మోటారు, స్టూలు, ఈ మూడే ఆయనకు మిగిలాయి. రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలున్నాయి.

అది జూలై నెల. ఎనిమిదో తరగతి గదిలో తెరకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కుతోంది. ముప్ఫై ఏడు శాతం దగ్గర ఆగి, ఇరవై నిమిషాలుగా అక్కడే ఉంది. సుద్దముక్క లేదు, బోర్డు లేదు, నలభై మంది పిల్లలు నన్నే చూస్తున్నారు. ముప్ఫై ఏడు ముప్ఫై ఎనిమిది కావాలని నేను దేవుణ్ని ప్రార్థిస్తున్నాను. అప్పుడు గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"సార్, సర్కులర్."

నలభై తలలూ తిరిగాయి. నా ప్రాణం లేచి వచ్చింది. చేయడానికి ఒక పని దొరికింది కదా. ఎన్నడూ లేనిది ఆ పుస్తకం అందుకుని, సంతకం పెట్టి, పక్కన తేదీ కూడా వేసి, పాఠం చదివినట్టు పైకి గట్టిగా చదివాను.

"భారీ వర్షాల కారణంగా రేపు అన్ని తరగతులకూ సెలవు ప్రకటించడమైనది. విద్యార్థులు చెరువులు, నాలాల వైపు వెళ్లరాదు."

చెరువులు అన్న మాట ఎవరికీ వినిపించి ఉండదు. సెలవు దగ్గరే గది లేచిపోయింది. బెంచీలు ఎక్కారు, సంచులు ఎగరేశారు. కిటికీలోంచి చూస్తే మల్లాపూర్ వైపు కొంచెం మబ్బు కూడా పట్టి ఉంది. జోసఫ్ నోరు సగం తెరిచాడు. ముందు బెంచీలోని స్నిగ్ధ పరుగెత్తుకొచ్చి ఆయన చొక్కా పట్టుకుంది.

"జోసఫ్ తాతా, నిజంగనా? నిజంగ సెలవా?"

ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. పుస్తకం తీసుకుని పక్క గదికి వెళ్లాడు. అప్పటికే మా గదిలో కేకలు విని పక్క గది పిల్లలు గుమ్మంలోకి వచ్చేశారు. అక్కడి టీచరు కూడా పైకి చదవక తప్పలేదు. పది గదుల్లోనూ అలాగే అయింది. మేడమ్ అప్పటికే మీటింగు కోసం కలెక్టరాఫీసుకు వెళ్లిపోయారు. సాయంత్రం బసవరాజు గ్రూపులో నాట్యం చేసే కోతి బొమ్మ పెట్టాడు. మేమంతా చేతులు జోడించే బొమ్మ పెట్టాం. ఆ గ్రూపులో రోజుకు అరవై మెసేజులు పడతాయి. కోతి ఎందుకు ఎగురుతోందో మేడమ్ అడగలేదు.

మరునాడు తొమ్మిదింబావుకు ఫోను మోగింది. నేను లుంగీలో, మూడో ఇడ్లీ మీద ఉన్నాను.

"ఫణీంద్ర గారూ, ఎక్కడున్నారు?" సత్యవేణి మేడమ్.

"ఇంట్లో మేడమ్. సెలవు కదా."

"ఏం సెలవు?"

"వర్షం సెలవు మేడమ్."

మేడమ్ చాలా నెమ్మదిగా, "ఒకసారి బయటికి చూడండి" అన్నారు.

చూశాను. డాబా మీద మా ఆవిడ దుప్పట్లు ఆరేస్తోంది. ఎండకు కళ్లు చికిలిస్తోంది.

బడికి చేరేసరికి పది దాటింది. నాలుగు వందల పన్నెండు మందిలో పంతొమ్మిది మంది వచ్చారు. వాళ్లు అంతకుముందు రోజు రానివాళ్లు. నేను గేటు దాటుతుండగా తెల్లడబ్బా రెండో పీరియడు గంట కొట్టింది. ఖాళీ గదుల్లోంచి ఆ చప్పుడు వరండా అంతా పొర్లింది. స్టూలు మీద జోసఫ్ చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

జిల్లా తెర మీద మా బడి ఎర్రబడిందని, మధ్యాహ్నం పన్నెండు లోపల కారణం చెప్పాలని అప్పటికే మేడమ్‌కు మెసేజ్ వచ్చేసింది. ఆమె బల్ల మీద ఆకుపచ్చ పుస్తకం తెరిచి ఉంది. బల్ల చుట్టూ మేము, బల్ల ఎదురుగా జోసఫ్.

"ఈ చేతిరాత ఎవరిది?"

"నాదే మేడమ్."

"సంతకం?"

"మీదే మేడమ్."

బసవరాజు దగ్గాడు.

"నేనెప్పుడు పెట్టాను?"

"నిన్న పొద్దుగాల. మీరు ఫోన్ల ఉన్నరు. మీటింగ్ కాయిదాలు పదహారు తెచ్చిన. గిది పదిహేడోది."

"అడుగున దాచి పెట్టారా?"

"లేదు మేడమ్. అన్నిటి మీదనే పెట్టిన. మొట్టమొదలు దీని మీదనే సంతకం జేసిండ్రు."

ఈసారి ఎవరూ దగ్గలేదు.

"తారీఖు సూడుండ్రి మేడమ్," అన్నాడు జోసఫ్. "మూడేండ్ల కింద మస్తు వానలు వడ్డయ్ గద. గప్పటి హెడ్మాస్టర్ సారు రాసిన సర్కులర్. గదే సూసి రాసిన. తారీఖు మార్చలే. మారిస్తే అబద్ధమైతది."

అందరం వంగి చూశాం. పైన మూడేళ్ల కిందటి జూలై. కింద నా సంతకం పక్కన, నా చేత్తో నేను వేసిన నిన్నటి తేదీ. రెండింటికీ మధ్య బెత్తెడు దూరం లేదు. పిల్లలకు ఏడాది పొడవునా 'పరిశీలన' గురించి పాఠాలు చెప్పేవాణ్ని.

"అసలు ఎందుకు రాశారు జోసఫ్?" మేడమ్ గొంతులో కోపం కన్నా అయోమయం ఎక్కువగా ఉంది.

"ఎవరు సదువుతరు మేడమ్? ఇరువై ఎనిమిదేండ్లల ఎవరన్న సదివిండ్రా? సంతకాలు దీస్కొని, పది క్లాసులు తిరిగి, మల్ల తెచ్చి బీరువల పెడదామనుకున్న. గంతే. ఒక్కపారి తిరిగొద్దామని. ఫణీంద్ర సారు గట్ల పెద్దగ సదువుతడని నాకేమెర్క?"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి.

"చదివినప్పుడైనా ఆపాల్సింది కదా?" అన్నాను.

"ఆపుదామనే నోరు తెరిసిన సార్. గప్పుడే పిల్లలు లేసిండ్రు. అందరు నా దిక్కే సూస్తుండ్రు. తొమ్మిది నెల్లాయె సార్, నా దిక్కు ఎవరన్న గట్ల సూడక." జోసఫ్ చేతులు కట్టుకున్నాడు. "ఇగ నోరు రాలే."

గోడ మీది డబ్బా మూడో పీరియడు గంట కొట్టింది.

జవాబు పంపాల్సింది బసవరాజు. కంప్యూటర్ పనులన్నీ వాడివే. తెర వైపు చూస్తూ, "మేడమ్, మన సొంతంగ రాసుడు లేదు. ఐదు కారణాలు ఇచ్చిండ్రు, ఒకటి ఒత్తాలె" అని చదివాడు. భారీ వర్షం. అంటువ్యాధి. స్థానిక పండుగ. రవాణా సమ్మె. ఇతరములు.

"ఇతరములు నొక్కండి," అన్నారు మేడమ్.

"నొక్కితే కాయిదం జోడించమంటది. ఈ పేజీ ఫొటో వెడదామా?"

ఆ పేజీలో మేడమ్ సంతకం, దాని కింద మా పద్నాలుగు సంతకాలు. అందరం గోడల వైపు చూశాం. జోసఫ్ ఒక్కడే ముందుకు వచ్చాడు.

"మేడమ్, జోసఫ్ జేసిండని రాయుండ్రి. నాలుగు నెల్లే ఉన్నది నాకు. ఏమైతే గాయె."

"మీరు చేశారని రాస్తే, మేమెవరం చదవలేదని కూడా రాయాలి జోసఫ్," అన్నారామె. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. "ఆషాఢమే కదా ఇది. బోనాల నెల."

బసవరాజు 'స్థానిక పండుగ' ఒత్తాడు. అవతల నుంచి క్షణంలో 'మీ వివరణ ఆమోదించబడింది' అని వచ్చింది. దాన్నీ ఎవరూ చదివి ఉండరని నా నమ్మకం. చర్చిలో ఇరవై ఏళ్లుగా పెద్దరికం చేస్తున్న జోసఫ్ ఆ విధంగా బోనాల పుణ్యాన బయటపడ్డాడు. బసవరాజు ఈ మాట పైకి అనబోతే నేను వాడి కాలు తొక్కాను.

అందరం లేస్తుంటే మేడమ్ చెయ్యి చాచారు. "పుస్తకం ఇటివ్వండి జోసఫ్. ఇక ఇది తిప్పొద్దు."

జోసఫ్ పుస్తకం తీసుకుని, అట్టను చొక్కా అంచుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంతకన్నా ఏదో మెమో ఇచ్చి ఉంటే ఆయన తట్టుకునేవాడేమో అనిపించింది నాకు.

ఆ తరువాత నెలల్లో నా వంతు పాపపరిహారం కొంత చేయబోయాను. రోజూ ఏదో ఒక వంక పెట్టి జోసఫ్‌ను గదిలోకి పిలవడం. ఒకరోజు కిటికీ రెక్క పడటం లేదని, ఇంకోరోజు ఫ్యాను చప్పుడు చేస్తోందని. మూడో రోజు డస్టర్ తెమ్మన్నాను. జోసఫ్ గుమ్మం అవతలే నిలబడి తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"డస్టర్‌తోని ఏం తుడుస్తరు సార్?"

ఆయన వరండాలోకి పిలిచి, మెల్లిగా అన్నాడు. "గట్ల పిలువకుండ్రి సార్. పనుంటే పిలువుండ్రి. లేకుంటే పిల్లలకు గూడ సమజైతది." డస్టర్ మాత్రం ఎక్కడి నుంచో వెతికి తెచ్చి ఇచ్చాడు. అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

సెప్టెంబరులో ఒక ఆదివారం, దిద్దాల్సిన పేపర్లు బడిలో మరిచిపోయి వెళ్లాను. గేటు తీసే ఉంది. జోసఫ్ ఉతికిన తెల్ల చొక్కాతో, చర్చికి వెళ్లిన బట్టల్లోనే, స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన టిఫిన్ డబ్బా.

"ఆదివారం ఇక్కడేంది జోసఫ్?"

"గంట మోగుతది గద సార్. బస్తీవాళ్లకు పరేషాన్. బంద్ జేద్దామని వచ్చిన."

"చేశారా?"

"యాడ బంద్ జేయాల్నో సమజైతలేదు."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. స్విచ్చు ఆయన తల వెనకే ఉంది. నేను పేపర్లు తీసుకుని వచ్చి, వెళ్లబుద్ధి కాక అరుగు మీద కూర్చున్నాను. టిఫిన్ డబ్బాలోంచి చెరి సగం పులిహోర తిన్నాం. ఉప్పు ఎక్కువైంది. "సువార్తమ్మ ఉన్నప్పుడు ఉప్పు సూసుడు నా డ్యూటీ కాదు సార్" అన్నాడు.

చర్చిలో ఎలా ఉందని అడిగాను. అక్కడ ఆయన గుమ్మం దగ్గర నిలబడి పాటల పుస్తకాలు పంచేవాడని నాకు తెలుసు.

"గాడ గూడ తెర వెట్టిండ్రు సార్. పాటలు తెర మీదనే వడ్తయ్. మంచిగనే ఉన్నది, అద్దాలు లేకున్న కనవడ్తది." పులిహోర చేయి కడుక్కుని, వేళ్లు దులుపుకున్నాడు. "పొద్దున ఆఫీసు రూంల హాజరు ఫోన్ల కండ్లు కొట్టమంటది సూడుండ్రి సార్. కొడ్త. టిక్కు వడ్తది. రోజు మొత్తంల నా మొఖం సక్కగ సూసేది గదొక్కటే. ఇయ్యాల ఆదివారం, గది గూడ లేదు."

గంట మోగింది. జోసఫ్ తల ఎత్తి వరసగా పది గదుల గుమ్మాల వైపు చూశాడు, పిల్లలు బయటికి వస్తారేమో అన్నట్టు. తాళాలు వేసిన గుమ్మాలు. నేను పేపర్ల కట్ట సర్దుకుంటూ ఏదో జోకు వేయబోయాను. ఏమీ తట్టలేదు.

నవంబరు ఆఖరు రోజు జోసఫ్ సర్వీసు అయిపోయింది. పొద్దున తొమ్మిదికే మేడమ్ గ్రూపులో పెట్టారు. పద్నాలుగు మందిమీ చేతులు జోడించే బొమ్మ పంపాం. అందులో ఆరుగురు బొకేలు కూడా పంపారు. బటన్ల ఫోనులో అవేవీ పడవు.

పదకొండు గంటలకు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను. తెర మీద గుండె కొట్టుకుంటోంది. గుమ్మంలో గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించి, ముందు నాకు అది గుర్తు రాలేదు.

"సార్, సర్కులర్."

ఆకుపచ్చ పుస్తకం. జూలై పేజీని వెనకటి పేజీతో కలిపి గుండుసూదులు గుచ్చేశారు. తరువాతి పేజీలో సత్యవేణి మేడమ్ సొంత చేతిరాత. ఏడాదిగా ఆమె చేతిరాత చూడలేదు మేము. "మన పాఠశాల అటెండర్ శ్రీ జోసఫ్ గారు ఇరవై ఎనిమిది సంవత్సరాల సేవ తరువాత ఈ రోజు పదవీ విరమణ చేస్తున్నారు. మధ్యాహ్నం మూడున్నరకు అందరూ వరండాలోకి రావలెను."

చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను. పైన తేదీ చూశాను, గోడ మీద క్యాలెండరు చూశాను.

"తారీఖు ఇయ్యాల్టిదే సార్," అన్నాడు జోసఫ్. "అందరు గట్లనే సూస్తుండ్రు. ఒక్కొక్క గదిల పది నిమిషాలు వడ్తుంది."

ముందు గదుల్లో కూడా టీచర్లు ప్రతి అక్షరం చదివారన్నమాట. చదువుతున్నంతసేపూ ఆయన గుమ్మం లోపల, పిల్లల ముందు, చేతులు కట్టుకుని నిలబడ్డాడన్నమాట.

నలభై తలలూ ఆయన వైపే ఉన్నాయి. పెదవి కొస కదులుతుందేమో అని చూస్తున్నారు. ముందు బెంచీ నుంచి స్నిగ్ధ ఆగలేకపోయింది.

"జోసఫ్ తాతా, రేపు సెలవా?"

ఆయన కాసేపు బిగబట్టాడు, పాత రోజుల్లో లాగే.

"సెలవే బిడ్డా."

గది లేచింది. సగం లేచాక ఆయన చెయ్యి ఎత్తాడు.

"మీకు గాదు. నాకొక్కనికే."

లేచినవాళ్లు ఎలా కూర్చోవాలో తెలియక అలాగే నిలబడ్డారు. నేను సంతకం పెట్టి, పక్కన తేదీ వేసి, పుస్తకం మూసి ఇచ్చాను. జోసఫ్ దాన్ని చంకలో పెట్టుకుని వెళ్లాడు. కొంచెం సేపటికి గోడ అవతల, "మేడమ్, సర్కులర్" అన్న మాట వినిపించింది. తరువాత బెంచీలు కదిలిన చప్పుడు.